వంశపారంపర్య రక్త క్యాన్సర్లు: నివారణ పరిశోధనకు డబ్బెవరిది, భారమెవరిది?

(మణికొండలో స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లుకేమియా పరిశోధన నిధుల గురించి స్త్రీల సమావేశంలో మాట్లాడటం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వరకట్న కేసులు, గృహహింస, ఇళ్లల్లో పనిచేసే స్త్రీల జీతాలు, ఇన్ని సమస్యలు చేతిలో ఉండగా జన్యువుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు కదా అనుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల విషయంలో ‘నివారణ’ అన్న మాట వినిపించిన ప్రతిచోటా ఆ బరువు చివరికి ఆడవాళ్ల మీదే పడుతోంది. పెళ్లిచూపుల దగ్గర ఆమె మీద, కడుపుతో ఉన్నప్పుడు ఆమె మీద, బిడ్డకు జబ్బని తేలాక ఆమె మీద. నివారణ శాస్త్రం చేయాల్సిన పని. దానికి డబ్బు కావాలి, జీతాలు కావాలి, ప్రయోగశాలలు కావాలి. అవి లేనిచోట నివారణ పేరుతో మిగిలేది స్త్రీల మీద నిఘా మాత్రమే. అందుకే ఈ బడ్జెట్ లెక్క మనం చూడాల్సిన లెక్క.

జబ్బు సంగతి

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. లుకేమియా అంటే రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జలో పుట్టే క్యాన్సర్. వీటిలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కాదు. మనిషి పుట్టిన తర్వాత రక్తకణాల్లో జరిగే మార్పుల వల్ల వస్తాయి. అవి తల్లి నుంచి రావు, తండ్రి నుంచి రావు, పిల్లలకు పోవు. కాబట్టి ఏ బిడ్డకు లుకేమియా వచ్చినా ‘మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?’ అని కోడలిని నిలదీయడం అన్యాయమే కాదు, అశాస్త్రీయం కూడా.

అయితే కొన్ని కుటుంబాల్లో లుకేమియా వచ్చే ముప్పు పుట్టుకతోనే ఉంటుంది. దీన్ని శాస్త్రం స్పష్టంగా పట్టుకున్నది ఇటీవలి కాలంలోనే. 1999లో రంక్స్-1 అనే జన్యువులో లోపం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ప్లేట్‌లెట్ల సమస్యకూ లుకేమియాకూ కారణమవుతోందని తేలింది. 2004లో సీబ్‌పా, 2011లో గాటా-2, 2015లో ఈటీవీ-6, డీడీఎక్స్-41 జన్యువుల సంగతి బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రక్త క్యాన్సర్ల వర్గీకరణలో పుట్టుకతో వచ్చే ముప్పుకు ప్రత్యేక స్థానం ఇచ్చింది 2016లో. అంటే ఇది ఇంకా పసి శాస్త్రం.

మన ప్రాంతానికి ఎక్కువగా సంబంధించిన జబ్బు మరొకటి ఉంది. దాని పేరు ఫాంకోని ఎనీమియా. స్విట్జర్లాండుకు చెందిన పిల్లల డాక్టర్ గిడో ఫాంకోని 1927లో దీన్ని మొదట వర్ణించాడు. మన కణాల్లో డి.ఎన్.ఎ. దెబ్బతిన్నప్పుడు దాన్ని బాగుచేసే యంత్రాంగం ఒకటి ఉంటుంది. ఈ జబ్బున్న పిల్లల్లో ఆ యంత్రాంగం పనిచేయదు. చాలామందికి బడికి పోయే వయసులోనే మజ్జ ఎండిపోవడం మొదలవుతుంది. రక్తం తగ్గుతుంది, చిన్న దెబ్బకే కమిలిపోతుంది, జ్వరాలు వదలవు. వాళ్లకు లుకేమియా వచ్చే ప్రమాదం మామూలు పిల్లల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కొందరిలో బొటనవేలు సరిగా ఉండదు, ఎత్తు పెరగరు, ఒంటి మీద గోధుమరంగు మచ్చలుంటాయి. ఏ లక్షణమూ పైకి కనిపించని వాళ్లూ ఉన్నారు.

ఇందులో ఆడపిల్లల బాధ వేరుగా చెప్పుకోవాలి. ప్లేట్‌లెట్లు తక్కువైన పిల్ల రజస్వల అయితే ఆ రక్తస్రావం రోజుల తరబడి ఆగదు. అసలే రక్తం లేని ఒంట్లోంచి రక్తం పోతుంది. పెద్దయ్యాక నోటి క్యాన్సరు, జననాంగాల క్యాన్సరు వచ్చే ముప్పు కూడా ఈ స్త్రీలకు చాలా ఎక్కువ. ముట్టు త్వరగా ఆగిపోతుంది. ఇవన్నీ సిగ్గు పేరుతో దాచుకునే విషయాలు కాబట్టి ఆలస్యంగా బయటపడతాయి. పరిశోధనలోనూ ఇవి ఆలస్యంగానే చోటు సంపాదించుకున్నాయి.

తల్లిదేనా తప్పు?

ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువులు ఇప్పటికి ఇరవైకి పైగా తెలిశాయి. వాటిలో దాదాపు అన్నింటి లెక్కా ఒకటే. తల్లి నుంచి ఒక లోపమున్న ప్రతి, తండ్రి నుంచి ఒక లోపమున్న ప్రతి, రెండూ కలిస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్క ప్రతి ఉన్నవాళ్లను వాహకులు అంటారు. వాళ్లు మామూలుగానే ఉంటారు. వాళ్లకు తమ సంగతి తెలియను కూడా తెలియదు. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని కాదు. ప్రతి కాన్పులోనూ అదే పావు వంతు. ఈ లెక్కలో తల్లి భాగం ఎంతో తండ్రి భాగం అంతే. ఈ వాక్యాన్ని మనం ఊరూరా చెప్పాలి. ఎందుకంటే జబ్బు పిల్లల తల్లులతో మాట్లాడిన ప్రతిసారీ నేను విన్నది దీనికి వ్యతిరేకమే. పరీక్షకు రక్తం ఇచ్చేది భార్య. భర్త ‘నాకేం రోగం?’ అంటాడు. రెండో పెళ్లి మాట మొదలయ్యేది కూడా అక్కడి నుంచే.

మన తెలుగు ప్రాంతంలో ఇలాంటి జబ్బులకు మేనరికాలు కారణమని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అందులో నిజం ఉంది. దగ్గరి రక్తసంబంధంలో ఒకే లోపం రెండు వైపులా ఉండే అవకాశం పెరుగుతుంది. కానీ అంతటితో ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్, వారి సహచరులు 2017లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. దక్షిణాసియాలోని 263 జనసమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని, ఆ ప్రభావం ఫిన్లాండు ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో కనిపించేదాని కంటే బలంగా ఉందని తేలింది. ఆ సమూహాల్లో పది లక్షలకు మించిన జనాభా ఉన్నవి 14. అంటే మేనరికం చేసుకోకపోయినా, కులం గీత దాటకుండా వందల ఏళ్లు పెళ్లిళ్లు జరిగితే ఫలితం కొంతవరకు అలాంటిదే. తెలుగు ప్రాంతపు వైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒకరకం కండరాల సడలింపు మందు ప్రభావం ఎక్కువసేపు దిగదని డాక్టర్లు గమనించడం వెనక ఉన్నదీ ఇదే చరిత్ర.

ఫాంకోని జబ్బు విషయంలో కూడా ఇలాంటి ఆధారమే దొరికింది. ప్రపంచంలో మిగతాచోట్ల చాలా అరుదుగా కనిపించే ఫాంక్-ఎల్ అనే జన్యు లోపం మన దేశపు రోగుల్లో ఎక్కువగా ఉందని, అది దక్షిణాసియా జనంలో ఎప్పుడో ఒక పూర్వీకుల నుంచి వ్యాపించిన మార్పు అని 2020లో ఒక అధ్యయనం చూపించింది. ఇది నిరాశ కలిగించే వార్త కాదు. ఏ మార్పు కోసం వెతకాలో తెలిస్తే పరీక్ష చౌక అవుతుంది, జిల్లా ఆసుపత్రికి కూడా తేవచ్చు. మన దేశపు జబ్బు గురించి మన రోగుల్లో పరిశోధన చేస్తేనే ఈ సంగతి తెలిసింది. అమెరికా రోగుల లెక్కలు పట్టుకుని కూర్చుంటే తెలిసేది కాదు.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్, కులానికి మూలం కులంలోనే పెళ్లి అన్నారు. ఆ కట్టుబాటును నిలబెట్టడానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పుట్టాయని వివరించారు. అంటే కులం తన గీతను స్త్రీల శరీరాల మీద గీసుకుందని నూరేళ్ల కిందటే చెప్పారు. జన్యుశాస్త్రం ఇప్పుడు ఆ గీత జాడను రక్తంలో చూపిస్తోంది. కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లను చంపే సమాజం, అదే పిల్ల కులంలో పెళ్లి చేసుకుని జబ్బు బిడ్డను కంటే ఆమెనే తప్పుపడుతుంది. ఈ వైరుధ్యాన్ని మనం బయటపెట్టాలి. అలాగని మేనరికం చేసుకున్న స్త్రీలను అవమానించే ప్రచారాలను కూడా ఒప్పుకోకూడదు. కట్నం తగ్గుతుందని, భూమి చీలదని, తెలిసిన ఇంట్లో బిడ్డ సుఖంగా ఉంటుందని ఆ పెళ్లిళ్లు చేస్తారు. ఆ కారణాలను ముట్టుకోకుండా గోడల మీద ‘మేనరికం వద్దు’ అని రాస్తే తిట్లు తినేది మళ్లీ ఆ ఇంటి కోడలే.

డబ్బు పెడితే ఏం జరిగింది?

ఇంత అరుదైన జబ్బుకు పరిశోధన డబ్బు ఎందుకు తగలేయాలి అనే వాళ్లుంటారు. వాళ్లకు జవాబు చరిత్రలో ఉంది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో లిన్, డేవ్ ఫ్రాన్‌మేయర్ దంపతులకు ముగ్గురు కూతుళ్లు ఫాంకోని జబ్బుతో పుట్టారు. వాళ్లు 1989లో ఈ జబ్బు పరిశోధన కోసం నిధి ఏర్పాటు చేశారు. తమలాంటి కుటుంబాలను కూడగట్టారు, చందాలు పోగుచేశారు, శాస్త్రవేత్తలను ఒకచోట కూర్చోబెట్టారు. ముగ్గురు కూతుళ్లూ 1991లో, 1997లో, 2016లో చనిపోయారు. ఆ నిధి మాత్రం ఆగలేదు. డేవ్ ఆ రాష్ట్ర అటార్నీ జనరల్‌గా, విశ్వవిద్యాలయ అధ్యక్షుడిగా పనిచేసిన వ్యక్తి. అంత పరపతి ఉన్న కుటుంబం కాబట్టి చేయగలిగింది. మహబూబాబాద్‌లోనో మార్కాపురంలోనో ఉన్న తల్లి అలాంటి నిధి పెట్టగలదా? ఆమె బిడ్డ జబ్బు కూడా పరిశోధనకు తగినదే. అందుకే ఈ బాధ్యత కుటుంబాలకు వదిలేయకూడదు, ప్రభుత్వం తీసుకోవాలి అంటున్నాను.

ఈ పిల్లల కోసం చేసిన పని ఎవరెవరికి ఉపయోగపడిందో చూడండి. 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లక్‌మన్ అనే డాక్టరమ్మ ప్రపంచంలోనే మొదటిసారి బొడ్డుతాడు రక్తంతో మజ్జ మార్పిడి చేసింది. రోగి ఫాంకోని జబ్బున్న ఒక అబ్బాయి. రక్తం వచ్చింది అప్పుడే పుట్టిన వాళ్ల చెల్లెలి బొడ్డుతాడు నుంచి. మంత్రసానులు మాయతో పాటు పారేసే పదార్థం ఇవాళ ఎన్నో రకాల రక్తపు జబ్బులకు వైద్యం. 2002లో శాస్త్రవేత్తలు మరో సంగతి కనుక్కున్నారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు తెచ్చే బీఆర్‌సీఏ-2 జన్యువే ఫాంకోని జన్యువుల్లో ఒకటి. రెండు ప్రతులూ చెడితే ఫాంకోని, ఒకటి చెడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు. 2011లో కేంబ్రిడ్జిలోని కె.జె. పటేల్ బృందం, మన ఒంట్లోనే తయారయ్యే ఆల్డిహైడ్లనే విషాల నుంచి ఈ జన్యువులు కణాలను కాపాడతాయని ఎలుకల్లో చూపించింది. సారా ఒంట్లోకి పోయాక మారేది కూడా ఆల్డిహైడ్‌గానే. జబ్బు ఎందుకొస్తుందో ఇలా తెలిస్తేనే దాన్ని ఎలా ఆపాలో ఆలోచించగలం. అరుదైన జబ్బు మీద పెట్టిన రూపాయి లక్షలమంది స్త్రీలకు పనికొచ్చింది.

మన దగ్గర లెక్క

మన హైదరాబాదుకు ఏమీ లేదనలేం. హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 మార్చిలో అరుదైన వ్యాధుల జాతీయ విధానం ప్రకటించినప్పుడు, సీడీఎఫ్‌డీ, నిమ్స్‌లను కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది. మజ్జ మార్పిడితో నయమయ్యే జబ్బుల జాబితాలో ఫాంకోని ఎనీమియా పేరు ఉంది. 2022లో ఒక్కో రోగికి సహాయం 50 లక్షల రూపాయల దాకా పెంచారు. ఇది పోరాడి సాధించుకున్న హక్కు. మీ దగ్గరకు వచ్చే కుటుంబాలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

కానీ ఇది జబ్బు ముదిరాక ఇచ్చే డబ్బు. ముందే కనిపెట్టి, ఏటా మజ్జ పరీక్ష చేసి, లుకేమియా రాకముందే మార్పిడి చేస్తే బిడ్డ బతికే అవకాశం చాలా మెరుగ్గా ఉంటుంది. ఎండిన మజ్జతో వచ్చిన బిడ్డకు ఫాంకోని ఉందో లేదో తెలుసుకోకుండా మామూలు మోతాదు మందులతో మార్పిడి చేస్తే ఆ మందులే ప్రాణం తీయవచ్చు. ఫాంకోని పిల్లలకు మోతాదు తగ్గించాలి. క్రోమోజోములు విరుగుతున్నాయా లేదా చూసే ప్రయోగశాల పరీక్షతో జబ్బును నిర్ధారించవచ్చు. దానం ఇచ్చే అన్నకో అక్కకో కూడా అదే లోపం ఉందేమో చూడాలి. రంక్స్-1 లాంటి కుటుంబాల్లో ఇది మరీ ముఖ్యం. పైకి ఆరోగ్యంగా కనిపించే అన్న మజ్జలోనే లోపం ఉండవచ్చు. ఈ పరీక్షలను చౌకగా చేయడం, మన పిల్లలకు ఏ మోతాదు సరిపోతుందో తేల్చడం, నోటి క్యాన్సరును ముందే పట్టుకోవడం, హెచ్‌పీవీ టీకా ఈ పిల్లలకు ఎంతవరకు ఉపయోగమో చూడటం, ఇవన్నీ నివారణ పరిశోధనలే. మన దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. అందులో పిల్లల రక్తపు జబ్బులకు దక్కేది ఎంత, అందులో నివారణకు ఎంత అని మనం అడగాలి.

కొత్త డబ్బు వస్తోందని ప్రభుత్వం చెబుతోంది. 2023లో చట్టం చేసి అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థను పెట్టారు. ఐదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వం బయటి నుంచి, ప్రధానంగా పరిశ్రమల నుంచి వస్తాయన్నారు. 2025 జూలైలో ప్రైవేటు రంగ పరిశోధనకు లక్ష కోట్ల పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. ఇవి మార్కెట్టుకు పనికొచ్చే వస్తువుల వైపు చూసే డబ్బులు. మేదరి బస్తీలోని ఒక పిల్ల నెలసరి రక్తస్రావం ఎవరి మార్కెట్టు? లాభం లేనిచోటికి కంపెనీ తనంతట తాను రాదు. ప్రజల డబ్బు రావాలి, లేదా చట్టం కంపెనీ డబ్బును అటు మళ్లించాలి.

ఆ రెండో దారి ఈ మణికొండ చుట్టుపక్కలే ఉంది. ఇక్కడి నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు కనిపించే అద్దాల మేడల్లో దేశంలోని పెద్ద కంపెనీలున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో ప్రభుత్వ పరిశోధనాశాలలకు ఇచ్చే విరాళాలు కూడా చేర్చారు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటివి ఆ పరిధిలోకి వస్తాయి. చెట్లు నాటే ఫొటోలకూ మారథాన్ టీషర్టులకూ ఇచ్చే డబ్బులో కొంత ఇటు ఇమ్మని ఆ కంపెనీల్లో పనిచేసే స్త్రీలే లోపలి నుంచి అడగవచ్చు. ఈ సమావేశానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులకు నా మొదటి విజ్ఞప్తి ఇదే.

ఎవరి శరీరం మీద నివారణ?

అయితే డబ్బు వస్తే చాలదు. ఏ షరతులతో వస్తుందన్నది ముఖ్యం. మన నగరానికి ఇందులో చేదు అనుభవాలున్నాయి. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను స్త్రీల మీద పరీక్షించబోయారు. అది ప్రయోగమని ఆ స్త్రీలకు సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన, మరికొన్ని సంఘాలు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపారు. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టల్ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతిని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. ఫాంకోని పిల్లలకు అది మేలు చేయవచ్చని ఇందాక నేనే అన్నాను. మంచి మందు కూడా అడగకుండా పొడిస్తే హక్కుల ఉల్లంఘనే.

జన్యు పరిశోధనలో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఒక స్త్రీ రక్తం ఇస్తే ఆమె రహస్యమే కాదు, అక్కచెల్లెళ్లది, కూతురిది, కులం మొత్తానిది కూడా బయటపడుతుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సేకరించిన పదివేలమంది సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఆ పదివేలమందిలో స్త్రీలకు తమ రక్తంతో ఏం చేస్తారో వాళ్ల భాషలో ఎవరు చెప్పారని అడిగే హక్కు మనకుంది.

2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను చూడండి. 40 ఏళ్ల లోపు ఏడు కోట్లమందికి పరీక్ష చేస్తామన్నారు. ఆదివాసుల జబ్బును రాజ్యం ఇన్నాళ్లకు గుర్తించింది, అది మంచిదే. కానీ పరీక్ష తర్వాత చేతికి కార్డు ఇచ్చి, పెళ్లికి ముందు కార్డులు సరిపోల్చుకోమంటున్నారు. జాతకాల బదులు కార్డులన్నమాట. అబ్బాయి కార్డు అలమారలో ఉంటుంది, అమ్మాయి కార్డు ఊరంతా తిరుగుతుంది. వాహకురాలైన పిల్ల ఆరోగ్యంగానే ఉన్నా ‘రోగం పిల్ల’ అవుతుంది. రేపు లుకేమియా జన్యువులకూ ఇదే పద్ధతి తెస్తే ఫలితం ఇదే.

కడుపులో బిడ్డను పరీక్షించే చట్టాలు మనకు రెండున్నాయి. జన్యు జబ్బుల కోసం అనుమతించిన పరీక్షలను ఆడపిల్లలను చంపడానికి వాడారు కాబట్టే 1994లో లింగనిర్ధారణ నిరోధక చట్టం వచ్చింది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం, పిండంలో తీవ్రమైన లోపాలుంటే 24 వారాల తర్వాత కూడా మెడికల్ బోర్డు అనుమతితో గర్భం తీయించుకునే వీలిచ్చింది. ఈ హక్కును మనం కాపాడుకోవాలి. కానీ ఆ నిర్ణయం ఆమెదై ఉండాలి. అత్తగారిదీ కాదు, డాక్టరుదీ కాదు, బీమా కంపెనీదీ కాదు. ఇక్కడ వికలాంగుల ఉద్యమం వేసే ప్రశ్నను కూడా మనం వినాలి. నివారించాల్సింది జబ్బును, ఆ జబ్బుతో బతుకుతున్న మనిషిని కాదు. జబ్బు బిడ్డను పెంచాలనుకున్న తల్లికి పరిశోధనశాల ఎంత అవసరమో పింఛనూ బడీ రక్తనిధీ అంతే అవసరం.

2000 సంవత్సరంలో అమెరికాలో నాష్ దంపతులు, ఫాంకోని జబ్బున్న కూతురు మాలీని బతికించుకోవడానికి, పిండాలను ప్రయోగశాలలో పరీక్షించి, ఆమెకు సరిపోయే తమ్ముడు ఆడమ్‌ను కన్నారు. అతని బొడ్డుతాడు రక్తంతో మాలీ బతికింది. ఆ వార్త చదివి అందరూ శాస్త్రాన్ని పొగిడారు. ఆ బిడ్డ పుట్టేలోపు తల్లి లీసా ఎన్నిసార్లు హార్మోన్ ఇంజక్షన్లు పొడిపించుకుంది, ఎన్నిసార్లు విఫలమైంది అన్నది తక్కువమంది పట్టించుకున్నారు. ఆమె తన ఇష్టంతో చేసింది. మన దగ్గర ‘మొదటి బిడ్డను బతికించడానికి ఇంకో బిడ్డను కను’ అని చెప్పినప్పుడు కాదనగల కోడళ్లు ఎంతమంది?

మణికొండలో రెండు లోకాలు

ఈ మణికొండలోనే చూడండి. ఒకే అపార్టుమెంటులో ఐదో అంతస్తులో కంపెనీ బీమా ఉన్న ఉద్యోగిని ఉంటుంది. సెల్లారు గదిలో పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన వాచ్‌మన్ భార్య ఉంటుంది. పై అంతస్తులో బిడ్డకు జన్యు పరీక్ష వారంలో అవుతుంది. కింద గదిలో బిడ్డకు రక్తం ఎక్కించడానికి తల్లి నెలకు రెండుసార్లు పని మానుకుని బస్సెక్కుతుంది. మానుకున్న రోజుకు జీతం కోస్తారు. కోసేది ఒక్కోసారి మనమే.

పై అంతస్తు స్త్రీకీ నిశ్చింత లేదు. ఉద్యోగం పోతే బీమా పోతుంది. జన్యు జబ్బు అనే పేరుతో బీమా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని 2018లో ఢిల్లీ హైకోర్టు అన్నది. అమెరికా 2008లోనే ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో జన్యు వివక్షను నిషేధించే చట్టం చేసుకుంది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. చట్టం లేకుండా పరీక్షలు పెంచితే, పరీక్ష చేయించుకున్న వాళ్లే నష్టపోతారు. భయపడి చేయించుకోకపోతే పరిశోధన ముందుకు సాగదు. అంటే వివక్ష నిషేధం కూడా పరిశోధనకు కావలసిన పెట్టుబడే.

మనం అడగాల్సినవి

మొదటిది, అరుదైన వ్యాధుల విధానంలో చికిత్సకు ఇచ్చే సహాయంతో పాటు నివారణ పరిశోధనకు వేరే పద్దు ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ జబ్బులున్న కుటుంబాల నమోదు ఆ డబ్బుతో మొదలుకావాలి, పేర్లు గోప్యంగా ఉంచాలి.

రెండోది, ఎండిన మజ్జతో ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన ప్రతి బిడ్డకూ క్రోమోజోముల పరీక్ష ఉచితంగా జరగాలి. తోబుట్టువులకూ జరగాలి.

మూడోది, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ప్రభుత్వ పరిశోధనాశాలలకు రావాలి. కానీ రక్త నమూనాల మీద, సమాచారం మీద ఆ కంపెనీలకు ఏ హక్కూ ఉండకూడదు.

నాలుగోది, రక్తం తీసే ముందు తెలుగులో, ఉర్దూలో, గోండి, కోయ లాంటి భాషల్లో వివరించాలి. సంతకం ఆమెదే కావాలి. పరీక్ష ఫలితం ముందు ఆమెకే చెప్పాలి. కౌన్సెలింగ్‌కు భర్త తప్పనిసరిగా రావాలి. ఆమెతో విడిగా మాట్లాడే సమయం కూడా ఉండాలి.

ఐదోది, పెళ్లి కార్డుల పద్ధతి వద్దు. జన్యు వివక్షను నిషేధించే చట్టం కావాలి.

ఆరోది, ఈ పరిశోధనలను ఆమోదించే నైతిక కమిటీల్లో జబ్బు పిల్లల తల్లులు, స్త్రీ సంఘాల ప్రతినిధులు కూర్చోవాలి. టీ ఇవ్వడానికి కాదు, కాదనడానికి కూడా అధికారంతో.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు పది రూపాయలు చాలు. ఆ పద్దులో ఎంత ఉంది, ఎంత ఖర్చయింది, ఎంత వెనక్కి పోయిందో వచ్చే నెలలోపు అడుగుదాం. దరఖాస్తు నమూనా తయారుచేసే పని నేను తీసుకుంటాను. మీ మీ జిల్లాల్లో ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉందో లేదో కనుక్కునే పని మీరు తీసుకోండి. సమాధానాలు వచ్చాక ఇదే పత్రికలో అచ్చువేద్దాం.